చేతికి బ్యాండ్ పెట్టుకుంటే ప్రీమియం తగ్గిస్తారట, మన డేటా ఇవ్వాలా వద్దా?

నీలికలువ | #1
అందరికీ నమస్తే అండీ. మా ఆఫీసులో హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ నడుస్తోంది, ఈసారి కొత్తగా ఒక ఆప్షన్ పెట్టారు. చేతికి బ్యాండ్ పెట్టుకుని రోజూ ఎన్ని అడుగులు నడిచాం, ఎంతసేపు పడుకున్నాం, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది ఇవన్నీ వాళ్ళ యాప్‌కి కలిపితే ప్రీమియంలో కొంత తగ్గిస్తారట. పెట్టుకోకపోతే పెంచేదేమీ లేదన్నారు, ఇప్పటికైతే. టీమ్‌లో దాదాపు అందరూ సరేననేశారు, నేనే ఇంకా నాన్చుతున్నా. మావారేమో "నువ్వెలాగూ రోజూ నడుస్తావు, నీకు లాభమే కదా, దీనికింత ఆలోచనేంటి" అంటున్నారు. ఆయనన్నదీ నిజమే, కానీ ఎందుకో మనసు ఒప్పట్లేదు, పోనీ కారణం చెప్పమంటే నోట్లోంచి మాట రావట్లేదు. ఈ డేటా ఎక్కడికి పోతుంది, దాంతో వాళ్ళకేం పని, నాకొచ్చే నష్టమేంటి, తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. కంగారు పడక్కర్లేదు అనేవాళ్ళు కూడా రాయండి, కాకపోతే ఎందుకు పడక్కర్లేదో చెప్పాలి మరి.

గాలిపటం | #2
తీసేసుకోండి మేడమ్, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది. ఫోన్ జేబులో వేసుకుని తిరుగుతున్నాం, ఎక్కడికెళ్ళామో దానికి తెలుసు, ఎవరితో మాట్లాడామో తెలుసు, అర్ధరాత్రి లేచి ఏం వెతికామో కూడా తెలుసు. ఇంత ఇచ్చేశాక అడుగుల లెక్క దగ్గర బెట్టు చేస్తే ఒరిగేదేంటి. నా మటుకు నాకు దాచుకోడానికేమీ లేదు.

పాతకాపు | #3
గాలిపటం బాబూ, దాచుకోడానికేమీ లేదనే మాట ఇవాళ్టికి సరిపోతుంది, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో ఉంటుందో మనకేం తెలుసు. నెదర్లాండ్స్‌లో 1930ల్లో జనాభా రిజిస్టర్ మహా పకడ్బందీగా ఉండేది, మనిషికో కార్డు, అందులో పేరు, చిరునామా, మతం. అప్పుడది ఎవరికీ తప్పనిపించలేదు, మామూలు ఆఫీసు వ్యవహారం. 1940లో నాజీలు దేశాన్ని ఆక్రమించుకోగానే అదే రిజిస్టర్ వాళ్ళ చేతికొచ్చింది. అక్కడి యూదుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందిని చంపేశారు, పశ్చిమ యూరప్‌లో అంత శాతం ఇంకెక్కడా లేదు. రిజిస్టర్ ఒక్కటే కారణం అనను గానీ వాళ్ళకి వెతుక్కునే శ్రమ తప్పించింది. 1943 మార్చిలో కొంతమంది తెగించి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ ఆఫీసుని బాంబులు పెట్టి తగలబెట్టారు, అంత చేసినా కాలింది కొన్ని కార్డులే. పట్టుబడ్డవాళ్ళలో 12 మందిని కాల్చి చంపారు. ఆ కార్డు రాసిన గుమాస్తాకి దురుద్దేశం లేదు, వివరాలు చెప్పినవాళ్ళకి దాచుకోడానికీ ఏమీ లేదు.

గాలిపటం | #4
మీరంటే గౌరవమే పాతకాపు గారూ, కానీ ఆవిడ అడిగింది చేతి బ్యాండ్ గురించి, మీరు ఏకంగా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిపోయారు :) ఇవాళ కంపెనీలకి కావాల్సింది మనకేదో ఒకటి అంటగట్టడం, అంతే. యాడ్ చూపిస్తారు, నచ్చకపోతే దాటేసి పోతాం.

సర్వర్_శీను | #5
ఆ "యాడ్ చూపిస్తారు అంతే" వెనకాల ఏం జరుగుతుందో చెప్తా, ఆ ఫీల్డులో చాలాకాలం పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. నువ్వొక న్యూస్ సైట్ ఓపెన్ చేశావనుకో, పేజీ లోడ్ అయ్యేలోపే, అంటే సెకనులో పదో వంతు అటూ ఇటూగా, అక్కడ ఖాళీగా ఉన్న యాడ్ చోటుకి వేలం పాట అయిపోతుంది. వేలం అన్నాక సరుకేంటో చెప్పాలి కదా, సరుకు నువ్వే. నీ ఫోన్ అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్ కంపెనీలు నిన్ను గుర్తుపట్టడానికి ఫోన్‌కి ఉండే నంబర్), ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్, సుమారుగా ఎక్కడున్నావు, ఏం చదువుతున్నావు, నీ మీద ఇదివరకే అతికించిన లేబుల్స్ అంటే "కొత్తగా తల్లయింది", "అప్పు కోసం చూస్తున్నాడు" లాంటివి, ఇవన్నీ మూటగట్టి బోలెడు కంపెనీలకి ఒకేసారి పంపేస్తారు. పాట గెలిచేది ఒక్కడే, వాడి యాడే నీకు కనిపిస్తుంది. కానీ ఓడిపోయినవాళ్ళందరి దగ్గరికీ నీ వివరాలు చేరాయి కదా, దాన్ని ఎవరేం చేసుకున్నారో అడిగే నాథుడు లేడు. వాడుకోకూడదని రూల్స్ ఉంటాయి, కాగితం మీద. అసలు గెలిచే ఉద్దేశమే లేకుండా వినడానికే వచ్చి కూర్చునేవాళ్ళు కూడా ఉంటారు, అలా పోగైన లొకేషన్ డేటాని బ్రోకర్లు అమ్ముకుంటారు, అమెరికాలో ప్రభుత్వ ఏజెన్సీలే అలాంటి డేటా కొన్న సంగతి బయటపడింది. వారెంట్ తెచ్చుకోవడం కంటే కొనుక్కోవడం తేలిక మరి.

కుకీల కథ కూడా ఇంతే, అంటే సైట్లు మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తులు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటులీ వాటిని తయారుచేసింది, వచ్చిన మనిషిని సైట్ గుర్తుపెట్టుకోడానికి, కార్ట్‌లో వేసినవి పోకుండా ఉండటానికి. సైట్ మారినా మన వెంటపడొచ్చని యాడ్ కంపెనీలు తర్వాత కనిపెట్టాయి. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం చూసే సైట్ కాకుండా వేరే కంపెనీలు పెట్టేవి, ఆపేస్తామని గూగుల్ 2020లో చెప్పి, వాయిదా మీద వాయిదా వేసి, 2024లో అబ్బే ఆ ఆలోచన మానుకున్నాం అంది.

రాత్రిపక్షి | #6
శీను అన్నా ఒక డౌటు.. మా రూమ్మేటూ నేనూ ట్రెక్కింగ్ షూస్ గురించి మాట్లాడుకున్నాం, నేనైతే ఎక్కడా సెర్చ్ చెయ్యలేదు ఒట్టు, సాయంత్రానికల్లా అవే షూస్ యాడ్!! మైక్ వింటున్నట్టే కదా??

సర్వర్_శీను | #7
అందరూ అడిగేదే ఇది తమ్ముడూ. 2018లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 17 వేలకి పైగా ఆండ్రాయిడ్ యాప్స్‌ని పరీక్ష పెట్టి చూశారు, చాటుగా మైక్ ఆన్ చేసి మాటలు పంపించేది ఒక్కటీ దొరకలేదు. దొరికింది ఇంకోటి, కొన్ని యాప్స్ మనం స్క్రీన్ మీద ఏం చేస్తున్నామో వీడియో తీసి వేరే కంపెనీకి పంపిస్తున్నాయట. నీ షూస్ సంగతంటావా, నువ్వు వెతక్కపోతే మీ రూమ్మేట్ వెతికుంటాడు. ఇద్దరిదీ ఒకే వైఫై, రాత్రయితే రెండు ఫోన్లూ ఒకే చోట, వయసులూ దగ్గర దగ్గరే. వాడికి కావాల్సింది నీక్కూడా కావాలేమో అని లెక్కగట్టడానికి మీ మాటలు వినాల్సిన పనేముంది. నన్నడిగితే మైక్ కంటే ఇదే భయం, మైక్ అయితే ఆఫ్ చేసుకోవచ్చు.

సుధ_గణాంకం | #8
నీలికలువ గారూ, మీ యాప్ షరతుల్లో "పేర్లు తీసేసిన సమాచారాన్ని మా భాగస్వాములతో పంచుకోవచ్చు" అని ఒక లైన్ ఉందేమో చూడండి, ఉండే ఉంటుంది. నేను స్టాటిస్టిక్స్ పాఠం చెప్తాను కాబట్టి ఆ లైన్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లటన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 అమెరికా జనాభా లెక్కలు తీసుకుని చూసింది, పుట్టిన తేదీ, ఆడా మగా, ఐదంకెల పోస్టల్ కోడ్ ఈ మూడూ ఉంటే చాలు, 87 శాతం మందిని ఇదిగో వీళ్ళే అని పట్టుకోవచ్చు. అంతకుముందే మసాచుసెట్స్‌లో పేర్లు తీసేసి ఇచ్చిన ఆస్పత్రి రికార్డుల్లోంచి ఆ రాష్ట్ర గవర్నర్ రికార్డే బయటికి లాగి చూపించింది. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు పరిశోధన కోసమని సుమారు 6.5 లక్షల మంది చేసిన 2 కోట్ల సెర్చ్‌లు బయటపెట్టారు, పేర్ల బదులు నంబర్లు వేసి. కొద్దిరోజుల్లోనే విలేకరులు ఒక నంబర్ పట్టుకుని ఒక పెద్దావిడ ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయారు, ఆవిడ వెతుక్కున్నవే ఆవిడ చిరునామా చెప్పేశాయి.

లొకేషన్ అయితే మరీ ఘోరం. 15 లక్షల మంది ఫోన్ డేటా మీద 2013లో ఒక పేపర్ వచ్చింది, ఎప్పుడు ఎక్కడ ఉన్నారో నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మంది విడిగా తేలిపోతారు. ఇందులో వింతేం లేదు, మీ ఫోన్ రాత్రి ఏ ఇంట్లో ఉంటుంది, పగలు ఏ ఆఫీసులో ఉంటుంది, ఆ ఇల్లూ ఆ ఆఫీసూ రెండూ ఉన్న మనిషి ప్రపంచం మొత్తంలో ఇంకెవరున్నారు? ఇక ఫిట్‌నెస్ బ్యాండ్ అన్నారు కాబట్టి స్ట్రావా అనే పరుగుల యాప్ సంగతి కూడా చెప్పాలి, 2017 చివర్లో వాళ్ళు యూజర్లందరి పరుగుల దారులూ కలిపి ఒక పెద్ద మ్యాప్ పెట్టారు, ఎవరి పేరూ లేదు. ఎడారిలో ఏమీ లేని చోట వెలుగుతున్న గీతలు కనిపించాయి, చూస్తే అవి సైనిక స్థావరాలు, జవాన్లు పొద్దున్నే జాగింగ్ చేసే దారులు.

నాడి | #9
సుధ గారు చెప్పినవన్నీ కరెక్టే. కాకపోతే ఇవి చదివి జనం డేటా అంటేనే బెదిరిపోతే మాలాంటి వైద్య పరిశోధన వాళ్ళకి చేతులు కట్టేసినట్టవుతుంది. యూకే బయోబ్యాంక్ చూడండి, 2006 నుంచి 2010 లోపు 40–69 ఏళ్ళ వయసువాళ్ళు 5 లక్షల మంది వాళ్ళంతట వాళ్ళు వచ్చి రక్తం, జన్యువులు, అలవాట్లు అన్నీ ఇచ్చారు, ఎందుకిస్తున్నారో చెప్పి తీసుకున్నారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు. గుండె జబ్బులూ డయాబెటిస్ గురించి ఇవాళ మనకి తెలిసినదాంట్లో ఆ డేటా మీద నడిచిన పని చాలా ఉంది. డేటా పోగుచెయ్యడం తప్పా అని కాదు, ఎందుకు తీసుకున్నారు, అందుకే వాడుతున్నారా అన్నదే అడగాలి.

గాలిపటం | #10
హమ్మయ్య, ఒకరైనా దొరికారు. ట్రాఫిక్ మ్యాప్ ఎర్రగా ఎందుకు కనిపిస్తోంది, ముందు బండ్లలో ఉన్నోళ్ళ ఫోన్లు నెమ్మదిగా కదులుతున్నాయి కాబట్టి. మన కార్డు ఎవడో వేరే దేశంలో గీకితే బ్యాంకు వెంటనే ఆపేది కూడా మన అలవాట్లు తెలుసు కాబట్టే. అవన్నీ వాడుకుంటూ మళ్ళీ డేటా డేటా అని గగ్గోలు పెడితే ఎలా అండీ.

స్టీరింగ్_సుబ్బు | #11
నీలికలువ గారి ప్రశ్నకి బాగా దగ్గరి కేసు ఒకటుంది, ఎవరూ చెప్పలేదేంటి. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలో "స్మార్ట్ డ్రైవర్" అని ఒక ఫీచర్ ఉండేది, బాగా నడిపితే మెచ్చుకునే టైపు. 2024లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిందేంటంటే ఆ డేటా లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ లాంటి డేటా బ్రోకర్లకి పోతోంది, అక్కణ్ణుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకి. ఎప్పుడు బండి తీశావు, ఎంత దూరం పోయావు, ఎన్నిసార్లు సడన్ బ్రేక్ కొట్టావు, ట్రిప్పు ట్రిప్పుకీ లెక్క. ప్రీమియం ఎందుకు పెరిగిందా అని ఆరా తీస్తే పేజీలకి పేజీల రిపోర్టు చేతికొచ్చింది కొంతమందికి, అప్పటిదాకా కారు చాడీలు చెప్తోందని వాళ్ళకి తెలీనే తెలీదు. చాలామంది ఆ ఫీచర్‌కి ఒప్పుకున్నట్టు కూడా గుర్తులేదన్నారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో, ఐదేళ్ళ పాటు ఈ డేటా అలా ఇవ్వకూడదని ఆంక్ష పెట్టడానికి ఆర్డర్ ప్రతిపాదించింది. 2023లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళు 25 కార్ల బ్రాండ్లు చూశారు, ప్రైవసీలో ఒక్కటీ పాసవ్వలేదు.

ఇంకో సంగతి, సడన్ బ్రేక్ అంటే చెడ్డ డ్రైవింగ్ అనే లెక్క. ఎదురుగా చిన్నపిల్లాడు అడ్డమొస్తే బ్రేక్ కొట్టినవాడు మంచి డ్రైవరా చెడ్డ డ్రైవరా? డేటాలో బ్రేక్ ఉంటుంది, పిల్లాడుండడు.

వకీలు_గారబ్బాయి | #12
సుబ్బు గారి చివరి లైన్ దగ్గరే అసలు గొడవంతా. మళ్ళీ నెదర్లాండ్స్‌కే తీసుకెళ్తున్నా, పాతకాపు గారికి ధన్యవాదాలతో. పిల్లల సంరక్షణకి ప్రభుత్వం ఇచ్చే సాయంలో మోసాలు పట్టడానికి అక్కడి పన్నుల శాఖ కంప్యూటర్‌తో రిస్క్ లెక్కగట్టించింది, అందులో మనిషి జాతీయతని కూడా ఒక అంశంగా పెట్టారు. ఫారంలో ఒక సంతకం తప్పిపోయినంత మాత్రాన మోసగాళ్ళ కింద జమకట్టి, ఏళ్ళ తరబడి ఇచ్చిందంతా తిరిగి కట్టమన్నారు, వేలకి వేల యూరోలు. సుమారు 26 వేల మంది తల్లిదండ్రులని అప్పట్లో తేలింది, తర్వాత ఇంకా పెరిగింది. ఇళ్ళు పోయాయి, కాపురాలు కూలాయి. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది, అదే ఏడాది చివర్లో డేటా రక్షణ సంస్థ పన్నుల శాఖకి 27.5 లక్షల యూరోల ఫైన్ వేసింది.

గాలిపటం గారూ, వీళ్ళెవరికీ యాడ్ చూపించలేదండీ. దాటేసి పోయే అవకాశం కూడా ఇవ్వలేదు. "నా మీద ఈ ముద్ర ఎందుకు పడింది" అని అడిగితే ఎదురుగా కూర్చున్న ఉద్యోగికే తెలీదు.

బండి_భాస్కర్ | #13
గిదే నేను చెప్పాలనుకున్న అన్నా. నేను క్యాబ్ నడుపుత. యాప్ల మా బండి ఎక్కడున్నది, ఎంత స్పీడున్నది, ఎన్ని ట్రిప్పులు వద్దన్న, ఎంతసేపు ఆగిన అన్నీ పోతయి. ఒకపాలి ఫోన్ వేడెక్కి జీపీఎస్ ఆగమాగమైంది, బండి రోడ్డు మీద ఉంటే మ్యాప్ల చెరువుల ఉన్నట్టు చూపెట్టింది, తెల్లారి లేచి చూస్తే ఐడీ బ్లాక్. లొకేషన్ మోసం చేసిన్నంట. ఎవరికి చెప్పుకోవాలె, చాట్ల రాస్తే మిషినే జవాబిస్తది "మీ సమస్య మాకు ముఖ్యం" అని. మళ్ళ తెరిచేదాంక ఖాళీగ కూసున్న. మాకు డిస్కౌంట్ లేదు, ఒప్పుకుంటవా అని అడిగేది లేదు, డేటా ఇయ్యకుంటే పనే లేదు. మీరు ఇయ్యాల్నా వద్దా అని ఆలోచిస్తున్నరు, అదే పెద్ద అదృష్టం అనుకోండ్రి మేడం.

వకీలు_గారబ్బాయి | #14
భాస్కర్ అన్నా, యూరప్‌లో 2024లో ప్లాట్‌ఫామ్ పనివాళ్ళ కోసం, అంటే మీలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ళ కోసం, ఒక డైరెక్టివ్ (సభ్య దేశాలన్నీ పాటించాల్సిన ఆదేశం) తెచ్చారు, ఖాతా మూసెయ్యడం, పనిలోంచి తీసెయ్యడం లాంటివి మనిషి చూసి నిర్ణయించాలి, మిషన్‌కి వదిలెయ్యకూడదు అని. దేశాలు దాన్ని వాళ్ళ చట్టాల్లో పెట్టుకోడానికి రెండేళ్ళ గడువిచ్చారు. మిగతా చోట్ల దాని కోసం యూనియన్లు కొట్లాడాల్సిందే.

విరజాజి | #15
ఇవ్వాలా వద్దా అనేది నా ఇష్టం అనుకుంటున్నారు అందరూ. నాకైతే ఆ "నా ఇష్టం" మీదే నమ్మకం లేదు. ఫేస్‌బుక్ డేటాని రాజకీయ ప్రచారానికి వాడిన కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవలో క్విజ్ యాప్ వేసుకున్నది సుమారు 2.7 లక్షల మంది, వాళ్ళ ఫ్రెండ్స్ ద్వారా లాగింది ఫేస్‌బుక్ లెక్క ప్రకారమే 8.7 కోట్ల మంది వివరాల దాకా. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ కంపెనీలో హ్యాకర్లు నేరుగా దూరింది దాదాపు 14 వేల ఖాతాల్లోకే, చుట్టాలని వెతికి చూపించే ఫీచర్ వల్ల 69 లక్షల మంది వివరాలు పోయాయి. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, అప్పుడు వేలానికి పెట్టిన ఆస్తి ఏంటనుకున్నారు, జనం ఇచ్చిన ఉమ్మి శాంపిళ్ళ నుంచి తీసిన డేటాయే. చివరికి పాత సీఈఓ పెట్టిన నాన్‌ప్రాఫిట్ సంస్థే కొనుక్కుంది అనుకోండి, ఇంకెవరైనా కొని ఉంటే?

మా పెదనాన్న కూతురు సరదాకి అలాంటి టెస్ట్ చేయించుకుంది, ఇంకేదో కంపెనీలో. అది చేయించుకుంటే నా డీఎన్ఏలో కొంత కూడా వాళ్ళకి చేరినట్టే, నన్నెవరూ అడగలేదు. రేపు మా పిల్లలకి పిల్లలు పుడితే వాళ్ళనీ ఎవరూ అడగలేదన్నమాటే. అక్కతో ఈ మాటంటే "నీకన్నీ అనుమానాలే" అంది, ఆర్నెల్లు మాటల్లేవు.

నిర్వాహకుడు | #16
ఒక సభ్యుడు "మా ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా ఇదే చర్చ" అంటూ పెట్టిన స్క్రీన్‌షాట్‌లో 11 మంది ఫోన్ నంబర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తీసేశాం. ఈ టాపిక్‌లోనా అండీ, ఈ టాపిక్‌లోనా.

నీలికలువ | #17
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, థాంక్యూ. మీరు రాసినవి చదివి నిన్న హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టా, అడుగుల లెక్క కాకుండా ఇంకేం తీసుకుంటారు, ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, నేను ఉద్యోగం మానేస్తే తీసేస్తారా, క్లెయిమ్ పెట్టినప్పుడు ఇది చూస్తారా అని. ఫోన్ చేసి చాలా మర్యాదగానే మాట్లాడారు, "మేమెవరం చూడం అండీ, వెండర్ చూసుకుంటాడు" అన్నారు. వెండర్ ఎవరంటే షరతుల్లో ఉందన్నారు. షరతులు తెరిస్తే ఫోన్‌లో బొటనవేలు నొప్పెట్టేంత పొడుగుంది, అందులో "నిద్ర తీరు" అన్న చోట రాత్రి ఎన్నిసార్లు లేచామో కూడా ఉంది, తీసెయ్యడం గురించి "చట్టం కోరినంత కాలం, లేదా వ్యాపార అవసరం ఉన్నంత కాలం" అని ఉంది. వ్యాపార అవసరం ఎప్పటికి తీరుతుందో మరి. క్లెయిమ్ సంగతి మాత్రం ఎక్కడా లేదు, చూస్తామనీ లేదు చూడమనీ లేదు. ఈ ఏడాదికి నేను చేరట్లేదు. మా టీమ్‌లో ఇద్దరు కూడా ఆ మెయిల్ చూసి వెనక్కి తగ్గారు.

సుధ_గణాంకం | #18
ఆ పొడుగు కావాలని పెట్టిందే లెండి. 2008లో కార్నెగీ మెలన్ వాళ్ళు లెక్కగట్టారు, మనిషి ఏడాదిలో చూసే సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ చదవాలంటే 200 గంటలకి పైనే పడుతుందని. 2008లో! అప్పటికింకా చాలామంది చేతిలో స్మార్ట్‌ఫోనే లేదు.

గాలిపటం | #19
నేనైతే ఇప్పటికీ తీసుకునేవాణ్ణే. కానీ "క్లెయిమ్‌లో వాడం" అని రాసిమ్మని అడిగి తీసుకుంటా, అది మాత్రం మీ వల్ల తెలిసింది. భాస్కర్ గారి బ్లాక్ సంగతి చదివాక యాడ్ దాటేస్తే సరిపోతుందని నేనన్నది మాత్రం అందరికీ వర్తించదు.

పాతకాపు | #20
బాబూ, వాళ్ళు రాసిస్తారనే అనుకుందాం. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేస్తే?

వకీలు_గారబ్బాయి | #21
పాతకాపు గారూ, అక్కడే చట్టం అవసరం, ఉత్తరాలు పనికిరావు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే నుంచి అమల్లో ఉంది, నా గురించి మీ దగ్గరేముందో చూపించండి అని అడిగితే మామూలుగా నెల లోపు ఇవ్వాలి, తీసెయ్యమని అడిగే హక్కూ ఉంది, పెద్ద ఉల్లంఘనలకి ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా ఫైన్ పడొచ్చు. 2023లో ఫేస్‌బుక్ కంపెనీ మెటాకి ఐర్లాండ్‌లో 120 కోట్ల యూరోలు వేశారు. అయినా ఫైన్‌ని ఖర్చుల కింద రాసుకునే కంపెనీలున్నాయి, అందుకే డబ్బు కంటే "ఆ డేటా వాడటం ఆపండి" అనే ఆర్డరే వాళ్ళకి ఎక్కువ నొప్పి. మీరుండే చోట ఏ చట్టం ఉన్నా ముందు "నా కాపీ ఇవ్వండి" అని అడిగి చూడండి, ఏం పోగేశారో కళ్ళారా చూస్తేగానీ మనకి తెలిసిరాదు.

రాత్రిపక్షి | #22
సరే అన్నా ఇవన్నీ పెద్ద విషయాలు, నాలాంటోడు ఇవాళ రాత్రి కూర్చుని చెయ్యగలిగింది ఏమైనా ఉందా, అడివిలోకి పారిపోవడం కాకుండా

సర్వర్_శీను | #23
ఉంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేసెయ్. ఐఫోన్ అయితే ప్రైవసీలో ట్రాకింగ్ అని ఉంటుంది, యాప్స్ అడగనే అడగకుండా ఆపెయ్యొచ్చు, 2021లో ఆపిల్ ఇలా అడిగి తీరాలని పెట్టినందుకే మరుసటేడు తమ ఆదాయం వెయ్యి కోట్ల డాలర్ల దాకా తగ్గొచ్చని ఫేస్‌బుక్ వాళ్ళే చెప్పుకున్నారు, దాన్నిబట్టి ఆ ఒక్క బటన్ విలువెంతో చూడు. తర్వాత లొకేషన్ పర్మిషన్ లిస్ట్ తెరిచి "ఎప్పుడూ" అని ఉన్నవాటిని "యాప్ వాడుతున్నప్పుడే" కి మార్చు. టార్చ్‌లైట్ యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు, తీసెయ్. దీంతో అంతా ఆగిపోదు, ముందు చెప్పిన వేలంలో నీ గురించి చెప్పేది కాస్త తగ్గుతుంది.

రాత్రిపక్షి | #24
యాడ్స్ అని నాకు కనపడట్లేదే.. ప్రైవసీ వరకూ వచ్చా, అక్కడ పర్మిషన్ మేనేజర్ ఒకటే ఉంది

సర్వర్_శీను | #25
ఫోన్ కంపెనీని బట్టి చోటు మారుతుంది. సెట్టింగ్స్ పైన సెర్చ్ బాక్స్‌లో "యాడ్స్" అని కొట్టు. లేదంటే గూగుల్ అని ఉన్నచోటికెళ్ళి చూడు, అందులో ఉంటుంది. మీ రూమ్మేట్ ఫోన్‌లో కూడా చేసెయ్, లేకపోతే షూస్ మళ్ళీ వస్తాయి.